మా కాలువ మీద కొత్త వంతెన: టేపు పెట్టి కొలిచి రాస్తున్నా

నాది జాకెట్లు కుట్టే కొట్టు, నెల్లూరు టౌనులో. కాలువకు ఇవతల ఇల్లు, అవతల కొట్టు. పొద్దున ఒకసారి, మధ్యాహ్నం అన్నానికి రానూపోనూ, రాత్రి షట్టర్ దించాక ఒకసారి, మొత్తం రోజుకు నాలుగు సార్లు వంతెన దాటాలి. 23 ఏళ్లుగా ఇదే. బండి నేర్చుకోలేదు. కాబట్టి ఈ రివ్యూ నడిచేవాళ్ల కోసం. కార్లలో పోయేవాళ్లకు ఒక్క ముక్కలో చెప్పేస్తా. బ్రహ్మాండంగా ఉంది, రెండు బస్సులు ఎదురుపడినా ఎవరూ వెనక్కి తియ్యక్కర్లేదు, ఐదుకు ఐదు. మీరు పోవచ్చు. నడిచేవాళ్లు మాత్రం ఆగండి.

ముందు పాతదాని సంగతి చెప్పాలి. పెన్న ఆనకట్ట దగ్గర మొదలై పొలాలకు పోయే కాలువల్లో మాదొకటి. నెల్లూరు దగ్గర పెన్నకు ఆనకట్ట కట్టింది 1855లో. ఆ తర్వాత ఎప్పుడో ఈ కాలువ మీద రాయీ సున్నంతో మూడు కమాన్ల వంతెన వేశారు. జట్కాబండ్ల కాలానికి సరిపోయేంత వెడల్పు. దాని మీద లారీలు తిప్పారు, స్కూలు బస్సులు తిప్పారు, ఊరేగింపులు తిప్పారు. ఫుట్‌పాత్ అన్న మాటే లేదు. పిట్టగోడకు ఆనుకుని, వెనక హారన్ వింటూ, చీర కుచ్చిళ్లు చేత్తో పట్టుకుని నడవాలి. ఒకసారి ఆటో వెనక కొక్కేనికి నా చీర ఫాల్ తగులుకుని పదడుగులు ఈడ్చుకుపోయింది. చీర చిరిగింది, నేను బాగానే ఉన్నాను. ఆ ఫాల్ నేనే మళ్లీ కుట్టుకున్నాను, కూలీ ఎవరిస్తారు!

ఇంకో విచిత్రం చెప్పాలి. నేను కాపురానికొచ్చిన కొత్తలో ఆ పిట్టగోడ నా నడుము దాకా వచ్చేది. చివరి ఐదారేళ్లలో మోకాలికి కొంచెం పైన. గోడ కుంగలేదు, నేను పొడుగవలేదు. రోడ్డు వేసినప్పుడల్లా పాత తారు గీకకుండా దాని మీదే ఇంకో పొర పరుస్తూ పోయారు. రోడ్డు పెరిగింది, గోడ తగ్గింది. కొట్టేసేటప్పుడు ఆ ముక్కలు గట్టు మీద పడేస్తే చూశాను. కోసిన మడత కాజా లాగా పొరలు పొరలుగా ఉంది. ఊరికే ఉండలేక టేపు పెట్టాను. 14 అంగుళాలు. ఘనపు మీటరు తారు కంకర రెండు టన్నుల పైనే తూగుతుందట. అంత బరువు అదనంగా మోస్తూ, మా అందరినీ మోస్తూ, పగుళ్లలో మొలిచిన రావి చెట్టును కూడా పెంచిందా వంతెన. ముసలిదాన్ని తిట్టబుద్ధి కాదు.

2021 నవంబర్‌లో పెన్నకు వరదొచ్చినప్పుడు అసలు భయం పట్టుకుంది. నెల్లూరు వాళ్లకు ఆ వారం గుర్తుండే ఉంటుంది. పడుగుపాడు దగ్గర పట్టాల కింద కట్ట కొట్టుకుపోయి రైళ్లు ఆగిపోయాయి, హైవే కూడా తెగింది. మా కాలువలో కూడా నీళ్లు కమాన్ల నెత్తి దాకా వచ్చి ఎర్రగా సుళ్లు తిరిగాయి. నీళ్లు తీశాక ఒక బోర్డు పెట్టారు, భారీ వాహనాలకు ప్రవేశం లేదని. రెండు నెలలకు ఆ బోర్డుకే ఒక లారీ తగిలి వంగిపోయింది.

కొత్త వంతెన పనికి వచ్చిన సైటు ఇంజినీరు కుర్రాడు మా వీధిలోనే అద్దెకు దిగాడు. ప్యాంట్లు పొట్టి చేయించుకోవడానికి నా కొట్టుకే వచ్చేవాడు. జాకెట్ల కొట్టులో ప్యాంట్లేందబ్బా అంటే, దగ్గరలో ఇంకెవరూ లేరు ఆంటీ అనేవాడు. పాతదాన్ని బాగు చేస్తే సరిపోదా అని అడిగాను. 2016 ఆగస్టులో మహారాష్ట్రలో మహాడ్ దగ్గర సావిత్రి నది మీద ఇట్లాంటి బ్రిటిష్ కాలం నాటి రాతి వంతెనే రాత్రి వరదకు కొట్టుకుపోయిందనీ, రెండు బస్సులు నదిలో పడ్డాయనీ చెప్పాడు. నీళ్లు దిమ్మె కింది మట్టిని తోడేస్తాయట. పైన చూస్తే చిన్న పర్రె కూడా కనిపించకపోవచ్చు. లోపలి కుట్టు ఊడిన జాకెట్టు కూడా అంతే, ఇస్త్రీ చేసి హ్యాంగరుకు తగిలిస్తే కొత్తదే అనిపిస్తుంది, చెయ్యి ఎత్తితేనే తెలుస్తుంది. ఆ మాట అంటే వాడు నవ్వి, ఇది మా సార్‌కు చెప్తానన్నాడు. చెప్పాడో లేదో.

ఇక పని జరిగిన తీరు. దీనికి మాత్రం ఒక్క స్టార్. అది కూడా రాత్రిపూట ఎర్ర లైట్లు సరిగ్గా పెట్టినందుకు.

ఆరు నెలలన్నారు, 19 నెలలు పట్టింది. అందరూ కాంట్రాక్టరును తిట్టారు, నేనూ తిట్టాను, కానీ కొంత న్యాయంగా మాట్లాడాలి. కాలువలో నీళ్లు లేనప్పుడే పునాది పని జరగాలి. మొదటి ఎండాకాలం పాత రాయి కొట్టడానికీ, తాగునీటి పైపూ కరెంటు స్తంభాలూ జరపడానికీ పోయింది. పైపు ఒకరిది, స్తంభం ఇంకొకరిది, వంతెన మూడోవాళ్లది. ఒకరొచ్చిన రోజు ఇంకొకరు రారు. పునాది గుంట తవ్వేసరికి పంటకు నీళ్లు వదిలారు. సరే, పంట అయిపోయాక చూద్దాంలే అనుకుంటే, సోమశిలలో నీళ్లు పుష్కలంగా ఉన్నాయని ఎడగారుకు, అంటే ఎండాకాలం వేసే రెండో పంటకు కూడా ఇచ్చారు. సోమశిల 78 టీఎంసీల జలాశయం, అది నిండితే నెల్లూరు రైతుకు పండగ. మా మేనమామ వాళ్లు రెండో కారు నాట్లేసుకుని మురిసిపోయారు. మా వంతెనకు మాత్రం ఒక ఎండాకాలం గల్లంతు. ఎవరిని తిట్టాలి? మేనమామనా?

అయితే ఒక్క విషయంలో మాత్రం తిట్టు తప్పదు. మనుషులు దాటడానికి తాత్కాలికంగా ఒక దారి వేస్తామన్నారు. తూములు పరిచి మట్టి పోశారు, నీళ్లు వదిలే ముందు రోజు తీసేశారు, ఆ తర్వాత ఏమీ వెయ్యలేదు. బండ్లున్నవాళ్లకు కాలువ ఎగువన ఉన్న ఇంకో వంతెన మీదుగా చుట్టు తిరగడం ఐదు నిమిషాలు. నాకు 25 నిమిషాలు. మధ్యాహ్నం అన్నానికి ఇంటికి రావడం మానేసి క్యారియర్ కట్టుకున్నాను. అవతలి గట్టు నుంచి నాకు ఆది జాకెట్లు పంపే ఆడవాళ్లు సగం మంది వేరే టైలరును చూసుకున్నారు. రెండు సంక్రాంతులు మిషన్ మీద కూర్చుని రోడ్డు చూశాను. కట్టేటప్పుడు కార్ల దారికి నాలుగు చోట్ల బాణం గుర్తుల బోర్డులు పెట్టారు గానీ, నడిచేవాళ్లు ఎట్టా పోవాలో చెప్పే బోర్డు ఒక్కటీ లేదు.

సరే, వంతెన వచ్చింది. తెరిచిన రెండో రోజు పొద్దున్నే ఎవరూ లేనప్పుడు టేపు తీసుకుని పోయాను. మా ఆయన గేటు దగ్గరే ఆగి, నీకేమైనా పిచ్చా అన్నాడు.

టైలరు టేపు పొడుగు 60 అంగుళాలు, అంటే మీటరున్నర. ఫుట్‌పాత్ మీద అడ్డంగా పరిస్తే ఈ అంచు నుంచి ఆ అంచుకు సరిగ్గా సరిపోయింది. రోడ్లకూ వంతెనలకూ కొలతలు ఖరారు చేసే ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ లెక్క ప్రకారం వంతెన మీద ఫుట్‌పాత్‌కు తక్కువలో తక్కువ మీటరున్నర ఉండాలని ఇంజినీరు కుర్రాడు చెప్పి ఉన్నాడు. నడిచేవాళ్ల కోసమే ఉన్న ఇంకో లెక్కలో మామూలు ఫుట్‌పాత్‌కు కనీసం 1.8 మీటర్లు అడ్డం లేకుండా ఉండాలట. అంటే నా టేపు అయిపోయి ఇంకో జానెడు పైన. మా వంతెనకు చిన్న లెక్కే పెట్టారు. పరవాలేదు అనేదాన్ని, దీపస్తంభాలు దాని లోపలే పాతకపోయి ఉంటే. ఒక్కో స్తంభం దిమ్మె 9 అంగుళాలు తింటుంది. అక్కడ మిగిలేది 51. పూలబుట్ట నెత్తిన పెట్టుకుని ఒకరు, పాలక్యాన్ పట్టుకుని ఒకరు ఎదురైతే ఒకరు ఆగాలి.

కమ్మీలకు మాత్రం నేను దండం పెడతా. ఎత్తు 43 అంగుళాల పైనే. 1.1 మీటర్లు ఉండాలని రూలు, ఉంది. మోకాలి ఎత్తు గోడ పక్కన 23 ఏళ్లు నడిచినదాన్ని, మొదటిసారి చెయ్యి ఆనించి నీళ్లు చూశాను. పైగా కమ్మీలు నిలువుగా పెట్టారు. అడ్డంగా పెడితే పిల్లలు నిచ్చెన అనుకుని ఎక్కుతారు. సందు నా పిడికిలి పట్టేంత కూడా లేదు. ఇది ఆలోచించి పెట్టిన మనిషికి ఇంట్లో పిల్లలుండి ఉంటారు.

కాలువ మధ్యలో దిమ్మె లేకుండా ఒకే అంగలో కట్టారు. ఇది నడిచేవాళ్లకు సంబంధం లేని విషయంలా కనిపిస్తుంది గానీ, ఉంది. పాత కమాన్ల దగ్గర గుర్రపుడెక్క, ప్లాస్టిక్ సంచులు, వినాయకుళ్ల చేతులూ తొండాలూ అన్నీ చిక్కుకుని కుళ్లి, ముక్కు మూసుకుని దాటేవాళ్లం. ఇప్పుడు కొట్టుకుపోతున్నాయి. ఎక్కడికి అని అడగొద్దు, దిగువన ఎవరో ముక్కు మూసుకుంటూ ఉంటారు.

ఈ వంతెన మీద నాకు అన్నిటికంటే నచ్చింది రోడ్డుకూ ఫుట్‌పాత్‌కూ మధ్య కట్టిన సిమెంటు అడ్డుగోడ. తొడ ఎత్తు ఉంటుంది. చూడ్డానికి అందమేమీ లేదు. కానీ అది ఉండబట్టి నేను వెనక్కి చూడకుండా నడుస్తున్నా. మొదటి వారం అలవాటు పోక ప్రతి హారన్‌కూ పక్కకు జరిగి కమ్మీకి గుద్దుకునేదాన్ని. రాత్రి తొమ్మిదికి నేనూ, మా కొట్టు ముందర పూలమ్మే ఆమె కలిసే ఇంటికి వస్తాం. పద్నాలుగేళ్ల నుంచి కలిసే వస్తున్నాం, కానీ పాత వంతెన మీద ఆమె ముందు, నేను వెనక. వంతెన రాగానే మాటలు ఆగిపోయేవి, దిగాక మళ్లీ మొదలు. మధ్యలో ఆగిన మాట ఒక్కోసారి మర్చిపోయేవాళ్లం. ఇప్పుడు పక్కపక్కన నడుస్తున్నాం. ఆమె కూతురు కాన్పు సంగతి మొత్తం, తొలి నొప్పి నుంచి ఉయ్యాల దాకా, వంతెన మీదే విన్నాను. స్తంభం వచ్చినప్పుడు మాత్రం ఒకరం వెనక్కి తగ్గుతాం.

పెన్న మీద 2022 సెప్టెంబర్ 6న నెల్లూరు బ్యారేజీ తెరిచినప్పుడు ఊరంతా ఫోటోలు దిగడానికి పోయారు, మేమూ పోయాం. పాత ఆనకట్ట దగ్గరే కట్టిన బ్యారేజీ అది, పైన కోవూరు వైపుకు రోడ్డు. దాన్ని చూడ్డానికి చుట్టాలను తీసుకెళ్తాం. మా కాలువ వంతెన దగ్గర ఎవరూ ఫోటో దిగరు.

ఎండ గురించి ఒక మాట. రావి చెట్టు పోయింది, నీడ పోయింది. రోహిణి కార్తెలో మధ్యాహ్నం రెండింటికి ఆ కమ్మీ మీద చెయ్యి వేస్తే ఇస్త్రీ పెట్టె మీద వేసినట్టే. పాత పిట్టగోడ కాళ్లకు అడ్డమే గానీ, సాయంత్రం పూట ఐదారుగురు పెద్దాయనలు దాని మీద కూర్చుని పేపరు చదివేవాళ్లు. కొత్త వంతెన మీద కూర్చునే చోటు లేదు. వాళ్లిప్పుడు మూసేసిన ఒక బంకు అరుగు మీదకు మారారు. ఒక బెంచీ వేసినా వెడల్పు సరిపోదు, అది నిజమే.

ఇప్పుడు పసుపు పలకల కథ. ఫుట్‌పాత్ మధ్యలో ఉబ్బెత్తుగా ఉన్న పసుపు పలకలు వేశారు, చూపులేని వాళ్ల కోసం. వాటిలో రెండు రకాలు. గీతలున్నవి ముందుకు పొమ్మని, చుక్కలున్నవి ఆగమని, ముందేదో ఉందని. మా వంతెన మీద ఈ చివర నుంచి ఆ చివర దాకా అన్నీ చుక్కలే. మా కొట్టు దగ్గరకు అగరొత్తులు అమ్మడానికి వచ్చే ఒకాయన ఉన్నాడు, కళ్లు కనపడవు. ఎట్టా ఉంది కొత్త బ్రిడ్జి అని అడిగాను. "బానే ఉండాది మేడమ్. కాకపోతే అడుగడుక్కీ ఆగు ఆగు అంటా ఉండాది. దాని మాట వింటే రేపటికి కూడా అవతలికి పోలేను" అన్నాడు. కుట్టమన్న చోట గీత, ఆపమన్న చోట చుక్క, మా దగ్గర పనికొచ్చిన కొత్త పిల్లకు మొదటి రోజే నేర్పుతాను.

అసలు ఫిర్యాదు ఇది కూడా కాదు.

ఇంటి వైపు చివర ఫుట్‌పాత్ నున్నగా వాలుగా రోడ్డులోకి దిగుతుంది. చక్కగా ఉంది. కొట్టు వైపు చివర దిగదు. ఉన్నట్టుండి ఆగిపోతుంది, కింద రోడ్డు. వంతెన ఒక పని, దాని తర్వాతి రోడ్డు ఎత్తు పెంచడం ఇంకో పని అట. ఆ ఇంకో పని ఇంకా మొదలుకాలేదు. కార్లు వెళ్లే చోట కంకర పోసి తారుతో సర్దేశారు. ఫుట్‌పాత్ చివర సర్దడం మర్చిపోయారు.

మా అత్తకు తుంటి ఆపరేషన్ అయి వాకర్‌తో నడుస్తుంది. కొత్త బ్రిడ్జి చూస్తానని మారాం చేస్తే ఒక ఆదివారం సాయంత్రం తీసుకెళ్లాను. ఎక్కడం సుఖంగా ఎక్కింది. మధ్యలో ఆగి కాలువ చూసింది, తను కాపురానికొచ్చినప్పుడు ఇందులోనే బిందెలు ముంచుకునేవాళ్లమని చెప్పింది. మెల్లగా ఆ చివరకు చేరింది. అక్కడ వాకర్ ముందుకు పెట్టబోయి కిందికి చూసింది.

"ఏందిమ్మే ఇది, ఎక్కేదానికి దారి పెట్టి దిగేదానికి పెట్టలా?"

ఇద్దరు ఆటో అబ్బాయిలు పరుగెత్తుకొచ్చి ఎత్తి దించుతామన్నారు. ఆమె ఒప్పుకోలేదు. నేనేమన్నా బియ్యం మూటనా అంది. వచ్చిన దారినే మొత్తం వెనక్కి నడిచింది. ఇంటికొచ్చాక కాళ్లు వాచాయి. రాత్రి మా ఆయనతో, బ్రిడ్జి దాటాను గానీ అవతలికి పోలేదురా అని చెప్పింది.

మర్నాడు ఆ అంచు కొలిచాను. 11 అంగుళాలు. ఫుట్‌పాత్ అంచు రోడ్డు నుంచి 150 మిల్లీమీటర్లకు, అంటే ఆరంగుళాలకు మించకూడదని రూలు. చక్రాల కుర్చీ ఎక్కాలంటే ఒక అంగుళం ఎత్తుకు 12 అంగుళాల వాలు కావాలి. 11 అంగుళాలకు 11 అడుగులు. నేరుగా కొలుచుకుంటూ పోతే ఏడో అడుగు దగ్గర ట్రాన్స్‌ఫార్మర్ కంచె అడ్డం. అయినా పక్కకు మడిచి తిప్పితే సరిపోతుంది. నేను న్యూస్‌పేపర్ మీద చెయ్యి కటింగు గీసినట్టు గీసి, కత్తిరించి, మడిచి చూశాను. మధ్యలో కుర్చీ తిరగడానికి చదునుగా చోటు కూడా మిగులుతుంది. పెద్ద డబ్బులేం కాదు, సిమెంటు ఉన్నదే, మనుషులు ఉన్నవాళ్లే. కట్టేముందు ఒక్కరన్నా అటు నుంచి ఇటు వాకర్‌తో నడిచి ఆది తీసుకుని ఉంటే చాలు.

పూలమ్మే ఆమె ఊరుకోలేదు. సైటులో మిగిలిన సెంట్రింగ్ చెక్క ఒకటి తెచ్చి, ఆటో అబ్బాయిలతో వాలుగా వేయించింది. నిటారుగానే ఉంది, కానీ తోపుడు బుట్టలు ఎక్కుతున్నాయి. నాలుగో రోజుకు స్కూటీలు ఎక్కడం మొదలుపెట్టాయి! సిగ్నల్ దగ్గర జాము అయితే చాలు, ఫుట్‌పాత్ మీదుగా రయ్యిన. మళ్లీ వెనక హారన్. చివర అడ్డంగా రెండు పోస్టులు పాతితే సరిపోతుందని మా ఆయన సలహా. నేను పక్కింటి స్కూటీ హ్యాండిల్ కొలిచాను, 27 అంగుళాలు. అత్త కోసం ఆసుపత్రిలో ఇచ్చిన చక్రాల కుర్చీ 26. చక్రాలు తిప్పే చేతులకు కాస్త చోటు వదిలితే, కుర్చీ పట్టే సందులో స్కూటీ కూడా పడుతుంది. దీనికి మాత్రం నా కత్తెరకు ఉపాయం తట్టలేదు. ప్రస్తుతానికి పూలమ్మే ఆమె ఆ చెక్క పక్కనే బుట్ట పెట్టుకుని కూర్చుంటోంది. ఆమె నోటికి భయపడి సగం మంది దిగి తోసుకుంటూ పోతున్నారు.

మొత్తానికి నా రేటింగు మూడున్నర. ఎవరైనా కొత్తగా మా వైపు నడిచి వచ్చేవాళ్లుంటే సాయంత్రం ఐదున్నర తర్వాత రండి, ఎండ ఉండదు, గాలి బాగుంటుంది, కాలువలో నీళ్లుంటే కొంగలు కూడా ఉంటాయి. వాకర్, చక్రాల కుర్చీ, పిల్లల బండి ఉంటే ఇంటి వైపు నుంచి ఎక్కి మధ్య దాకా పోయి వెనక్కి రండి.

పోయిన సోమవారం అర్జీ పట్టుకుని ఆఫీసుకు పోయాను. వెడల్పు, స్తంభం, పలకలు, చివరి అంచు, అన్నీ వరసగా రాసి, కత్తిరించిన పేపరు కూడా పిన్ను కొట్టాను. అక్కడ కూర్చున్నాయన చదివి, అన్నీ అంగుళాల్లో రాశారేంటమ్మా, ఇక్కడ సెంటీమీటర్లే తీసుకుంటాం అన్నాడు. సంచీలోంచి టేపు తీసి రెండో వైపుకు తిప్పాను. 11 అంగుళాల గీత మీద గోరు పెట్టి వెనక చూస్తే 28. కొట్టేసి, పక్కన 28 అని రాసి సంతకం పెట్టిచ్చాను.